మణికర్ణికలో కట్టెల మోసం, హరిశ్చంద్ర ఘాట్‌లో పెద్దమ్మ పద్యం

కాశీలో శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్‌కు వెళ్ళేవారికి ముందే ఒక మాట. "చావు కోసం ఎదురుచూస్తున్న పేద ముసలివాళ్ళకు కట్టెలు కొనిపెట్టండి" అని అక్కడ ఎవరు అడిగినా ఒక్క రూపాయి ఇవ్వకండి. మా పెద్దమ్మ దగ్గర 2,100 రూపాయలు తీసుకున్నారు. నెల దాటినా నా కోపం చల్లారలేదు.

పెద్దనాన్న గుంటూరు వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళు హరిశ్చంద్రుడి వేషం కట్టారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సీను వచ్చేసరికి ఏ అర్ధరాత్రో దాటేది. అయినా జనం లేచేవారు కాదు. ఆ సీనులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కలిపి పాడటం నటులకు ఆనవాయితీ. పెద్దనాన్న పోయి ఏడాదయింది. కాశీలో ఆయనకు పిండం పెట్టాలని, ఆయన రంగస్థలం మీద కాపలా కాసిన కాడు అసలు ఎలా ఉంటుందో చూడాలని పెద్దమ్మ కోరిక. ఆమెకు 74 ఏళ్ళు. నేనూ తమ్ముడూ తోడు వెళ్ళాం.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాం. అక్కడి నుంచి ఆటోకు 500. కేదార్ ఘాట్ దగ్గర తెలుగువారి సత్రంలో గది రోజుకు 800, శుభ్రంగా ఉంది. పూట పూటకూ పప్పు, చారు, మజ్జిగ. పిండప్రదానానికి తెలుగు పురోహితుడు ఫోనులో 3,500 చెప్పారు, అంతే తీసుకున్నారు. మంత్రాల అర్థం కూడా పెద్దమ్మకు విడమరిచి చెప్పారు.

మరునాడు మణికర్ణిక. సందుకు రెండు వైపులా మనిషి ఎత్తుకు మించి పేర్చిన కట్టెలు, నడుమ "రామ్ నామ్ సత్య హై" అంటూ దిగే పాడెలు. ఒక యువకుడు ఎదురొచ్చి "ఫొటోలు తీయకండి, ఇక్కడ నిషేధం" అన్నాడు. అది నిజమే, తీయకూడదు కూడా. ఆ ఒక్క మాటతో మాకు నమ్మకం కలిగింది. తాను ముసలివాళ్ళకు సేవ చేస్తానని చెప్పి మమ్మల్ని ఒక పాత భవనం పైకి తీసుకెళ్ళాడు. అక్కడ కూర్చున్న ఒక వృద్ధురాలు పెద్దమ్మ తల మీద చెయ్యి పెట్టి దీవించింది. ఆమెకు ఎవరూ లేరట, చితికి కట్టెలు లేవట, కిలో 700 రూపాయలట. తమ్ముడు హిందీలోంచి ఒక్కొక్క మాటే చెబుతుంటే పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని కొంగుముడి విప్పింది. మూడు కిలోలకు ఇచ్చింది. ఇంత చిన్న దానంతో ముక్తి రాదని ఆ యువకుడు గొంతు పెంచేసరికి ఆమె చేతులు వణికాయి.

కిందికి దిగి కట్టెల దుకాణంలో అడిగాం. అక్కడ మణుగు లెక్కన అమ్ముతారు. వాళ్ళ మణుగు అంటే 40 కిలోలు. మామూలు కట్టె మణుగు 500 చెప్పారు. అంటే కిలో పన్నెండున్నర. ఒక చితికి తొమ్మిది మణుగుల దాకా పడుతుందట. పెద్దమ్మ ఇచ్చిన డబ్బుతో దాదాపు సగం చితి పేర్చవచ్చు. తమ్ముడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అనువాదం చేసింది తానే కదా అని అతని బాధ.

కాటి దగ్గర డబ్బు అడగడం తప్పని నేను అనను. మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ కాశీలో చావు చుట్టూ బతికే వృత్తుల గురించి 1994లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. శవాలు కాల్చే డోములు, కర్మలు చేయించే మహాబ్రాహ్మణులు రాబడిని వంతుల చొప్పున ఎలా పంచుకుంటారో అందులో వివరంగా ఉంది. చదివి వెళ్ళాను కనుక చితుల దగ్గర బేరాలు విన్నా నాకు ఏవగింపు కలగలేదు. వాళ్ళు పొగలో, మంటలో నిలబడి చేసే పనికి కూలి అడుగుతున్నారు. పెద్దమ్మ ఇంకా సూటిగా అంది: "హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవానికి కూడా సుంకం అడిగాడు. అది ఇవ్వాల్సిందే. ఈ అబ్బాయి అబద్ధం ఎందుకు చెప్పాలి?"

గొదౌలియా దగ్గరి ముక్తి భవన్ చూడాలని నాకు ఉండేది. కాశీలో కన్నుమూయాలని వచ్చేవాళ్ళకు 1958 నుంచి చోటిస్తున్న ఇల్లు అది. పన్నెండు గదులు, మామూలుగా రెండు వారాల గడువు. వైద్యం ఉండదు, భజన ఉంటుంది. గుమ్మం దాకా వెళ్ళాం. లోపలి నుంచి రామనామం వినిపిస్తోంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవరో పోతున్నారు నాన్నా. మనం వాళ్ళకు ఏమవుతామని చూడటానికి వెళ్ళాలి?" వెనక్కి వచ్చేశాం. మీరూ అక్కడ బంధువులైతేనే లోపలికి వెళ్ళండి.

చివరి సాయంత్రం హరిశ్చంద్ర ఘాట్. మణికర్ణిక కంటే చిన్నది, రద్దీ తక్కువ. విద్యుత్ దహనవాటిక ఉన్నా మెట్ల కింద రెండు చితులు మండుతున్నాయి. మమ్మల్ని ఎవరూ పలకరించలేదు, ఏమీ అడగలేదు. మెడలో తువ్వాలు వేసుకున్న ఒకాయన పొడవాటి వెదురుతో నిప్పులు ఎగదోస్తున్నాడు. పెద్దమ్మ అతన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది. తరువాత జాషువా పద్యం అందుకుంది, పెద్దనాన్న రాగంలోనే, మాకు మాత్రమే వినపడేంత మెల్లగా. మూడో పాదం దగ్గర ఆగిపోయింది.

"ఆయనకూ ఇక్కడే తప్పేది," అంది. "హార్మోనియం దగ్గర కూర్చున్నవాళ్ళు అందించేవారు."

తమ్ముడు ఫోనులో వెతికి ఆ పాదం చదివాడు. పెద్దమ్మ తల ఊపి అక్కడి నుంచి ఎత్తుకుంది.