ఫెలనీ రికార్డు: సీలింగా, డిఫర్డా, క్షమాభిక్షా? ఏది మేలు?

"7 ఏళ్లు ఓపిక పడితే రికార్డు పోతుందిలే" అని అమెరికాలో మనవాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటుంటారు. పోదు. ఫెడరల్ చట్టంలో ఆ 7 ఏళ్ల గడువు ఉన్నది శిక్ష దాకా వెళ్లని అరెస్టులకు. ఫెలనీలో, అంటే తీవ్రమైన నేరంలో, దోషిగా తేలితే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీ దాన్ని 20 ఏళ్ల తర్వాత కూడా చూపించవచ్చు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే దానికీ హద్దు పెట్టాయి.

సిటిజన్లకైతే సందేహం లేదు, సీలింగే, అంటే రికార్డు మామూలు చెక్‌లో కనబడకుండా మూసేయించడమే మేలు. న్యూయార్క్‌లో 2024 నవంబరు నుంచి అమల్లో ఉన్న క్లీన్ స్లేట్ చట్టం ప్రకారం, కొత్త కేసు లేకుండా 8 ఏళ్లు గడిస్తే చాలా ఫెలనీలు దరఖాస్తు లేకుండానే సీల్ అవుతాయి. మిషిగన్‌లో అర్హమైన ఫెలనీలు రెండింటి వరకు 10 ఏళ్లకు తొలగిపోతాయి.

టెక్సస్ సంగతి వేరు. అక్కడ ఫెలనీ శిక్ష పడ్డాక సీల్ చేయించుకునే దారి దాదాపు లేదు. అందుకే లాయర్లు ముందే డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు, అంటే దోషి అని తీర్పు ఇవ్వకుండా వాయిదా వేయించుకోవడం. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉండే కుర్రాడి మీద 2,500 డాలర్లు దాటిన దొంగతనం కేసు పడిందనుకోండి. కోర్టు వరండాలో కాగితం ముందుపెట్టి, "ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టు, జైలు ఉండదు, ప్రొబేషన్, అంటే కోర్టు పర్యవేక్షణ గడువు, అయ్యాక కేసు కొట్టేస్తారు" అంటారు. టెన్షన్‌లో ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? పెట్టేస్తాడు. మరో 5 ఏళ్లు ఆగి కోర్టును అడిగితే, అర్హత ఉంటే, మామూలు కంపెనీలకు ఆ రికార్డు కనబడదు.

ఆ కుర్రాడు గ్రీన్ కార్డు మీదో హెచ్-1బి మీదో ఉంటే ఆ సంతకమే కొంప ముంచుతుంది. 1996 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం, తప్పు ఒప్పుకుని, జడ్జి ప్రొబేషన్ లాంటి ఆంక్ష విధిస్తే అది కన్విక్షనే, అంటే దోషిగా తేలినట్టే. రాష్ట్రం తర్వాత కొట్టేసినా, సీల్ చేసినా ఇమిగ్రేషన్ వాళ్లు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. ఈ ముక్క చెప్పేవాళ్లు లేక ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషి దేశం వదలాల్సి రావడం నాకు మింగుడుపడదు. నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పు ఉందని క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి గట్టిగా అడగండి.

క్షమాభిక్షకు బలం ఎక్కువే. గవర్నరు పూర్తి క్షమాభిక్ష ఇస్తే దొంగతనం, మోసం లాంటి నేరాల మీద వచ్చే డిపోర్టేషన్ ఆగుతుంది. డ్రగ్స్ కేసులకు మాత్రం ఆ రక్షణ లేదు. పైగా టెక్సస్‌లో పెరోల్ బోర్డు సిఫారసు లేకుండా గవర్నరు ఇవ్వలేరు. దాని మీద ఆశ పెట్టుకుని సంతకం చేయడం ప్రమాదం.

వీసా మీద ఉన్నవాళ్లకు నా ఓటు ప్రీట్రయల్ డైవర్షన్‌కే, అంటే విచారణకు ముందే కొన్ని షరతులు పూర్తిచేసి కేసు కొట్టేయించుకోవడానికే. కాకపోతే అందులో తప్పు ఒప్పుకున్నట్టు ఎక్కడా ఉండకూడదు. నేరాన్ని ఒప్పుకునే వాక్యం ఏదైనా ఉందేమో, సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుతో కాగితం చదివించండి.

ఏ దారిలో వెళ్లినా, ఫైలు సీల్ అయ్యేలోపే కోర్టు క్లర్కు దగ్గర సర్టిఫైడ్ కాపీలు తీసి దాచుకోండి. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో సీల్ అయిన కేసులు కూడా రాయాలి. అప్పుడు ఆ కాగితాలే అడుగుతారు.