ఎనిమిది డాలర్ల పాత ఛానెల్‌లాక్ 420, ఆరు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త సామాను రివ్యూ కాదు. పిట్స్‌బర్గ్ దగ్గర ఒక ఆదివారం సంతలో, పిడి ఊడిన సుత్తులూ అరిగిపోయిన ఆకురాళ్లూ కలిపి పోసిన అట్టపెట్టె అడుగున దొరికిన పాత ఛానెల్‌లాక్ 420 గురించి, అంటే దవడల సైజు మార్చుకుంటూ పైపులూ నట్లూ పట్టి తిప్పే వాటర్ పంప్ ప్లయర్. పది డాలర్లన్నాడు, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి ఎనిమిది అన్నాను, పోనీ తీస్కో అన్నట్టు చెయ్యి ఊపాడు.

అసలు ఈ పిచ్చి ఎలా మొదలైందంటే, అంతకు ముందు ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని ప్లయర్ల సెట్టు ఒకటి కొన్నాను, చూడ్డానికి తళతళలాడుతూ భలే ఉండేది. పెరట్లో నీళ్ల గొట్టం బిగుసుకుపోతే దాంతో పట్టి గట్టిగా తిప్పాను, గాడి జారి దవడ ఒక్కసారి తెరుచుకుంది, నా పిడికిలి వెళ్లి ఇటుక గోడకి కొట్టుకుంది. రెండు వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది. ఆ రోజు నుంచి ప్లయర్ చేతిలోకి తీసుకుంటే మెరుపు కాదు, గాడులు చూస్తున్నాను.

ఈ 420 గొప్పతనమంతా ఆ గాడుల్లోనే ఉంది. బోల్టుని జరిపి సైజు మార్చే పాత పద్ధతి స్లిప్ జాయింట్ ప్లయర్‌లో మనం ఎంత నొక్కితే అంత భారం మధ్యలో ఉన్న బోల్టు మీద పడుతుంది, బోల్టు రంధ్రం అరిగిందా, ఇక అది జారుతూనే ఉంటుంది. దీంట్లో ఒక ముక్క మీద నెలవంకల్లా వంగిన గాడులు, రెండో ముక్క మీద వాటిలో కూర్చునే గట్లు ఉంటాయి. బోల్టు పని రెండు ముక్కల్నీ కలిపి ఉంచడమే, బరువు మోసేది గట్లు. దవడలు ఎంత తెరిచినా ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి నట్టు అంచులు కొరుక్కుపోవు. ఈ ఆలోచన హోవార్డ్ మానింగ్ అనే ఇంజినీరుది, 1933లో తయారైంది, 1934లో పేటెంటు వచ్చింది. ఆయన పనిచేసిన కంపెనీని జార్జ్ డీఆర్మెంట్ అనే కమ్మరి 1886లో ఎవాన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టాడు, అప్పట్లో గుర్రాలకి లాడాలు కొట్టే పనిముట్లు చేసేవాళ్లు. 1904లో మేడ్‌విల్‌కి మారారు, ఇప్పటికీ అక్కడే. మా ఇంటి నుంచి గంటన్నర కారు ప్రయాణం, అందుకే ఈ చుట్టుపక్కల సంతల్లో ఈ సరుకు మన దగ్గర స్టీలు గ్లాసుల్లా దొరుకుతుంది.

నాది ఏ కాలందో కచ్చితంగా చెప్పలేను గానీ పిడి మీద ఛానెల్‌లాక్ అన్న మాటతో పాటు ఛాంపియన్ డీఆర్మెంట్ అని కంపెనీ పాత పేరు కూడా చెక్కి ఉంది. కంపెనీ పేరునే ఛానెల్‌లాక్‌గా మార్చింది 1963లో, కాబట్టి అంతకు ముందుదే అయి ఉండాలి. ఇప్పటి వాటికుండే లేత నీలం తొడుగు దీనికి లేదు, ఒట్టి ఇనప పిడి, చెయ్యి జారకుండా గరుకు గీతలు ఉన్నాయి. చలికాలంలో గరాజ్‌లోంచి తీసి పట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోతుంది, అది మాత్రం నిజం.

కొనేవాళ్లకి నా అనుభవంతో రెండు మాటలు. తుప్పు చూసి భయపడకండి, పైపైన ఉన్న తుప్పు పోతుంది, అరిగిన ఉక్కు తిరిగి రాదు. ఒక్కో గాడిలో పెట్టి దవడల మధ్య ఏ బోల్టో ఇరికించి గట్టిగా మెలితిప్పి చూడండి, ఏ ఒక్క గాడిలో ఎగిరినా కొనకుండా తిరిగి పెట్టెలో వెయ్యండి. దవడలు మూసి ఎండ వైపు పట్టుకుంటే కొసలు కలుస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. తల పక్కన సొట్టలు ఉన్నాయంటే ఎవరో దాన్ని సుత్తిలా వాడారని, పిడి వంగి ఉందంటే పైపు తొడిగి లాగారని అర్థం. అన్నిటికన్నా ముఖ్యం, కొత్తగా నల్ల రంగు పూసిన పాత సామాను జోలికి పోవద్దు. ఒక దుకాణంలో అలా పాలిష్ చేసి రంగేసింది ఇరవై రెండు డాలర్లు పోసి కొన్నాను, ఇంటికొచ్చి రంగు గీకితే దవడ పక్కన వెల్డింగ్ అతుకు బయటపడింది. తిరిగి తీసుకోమంటే అమ్మింది అమ్మిందే అన్నాడు.

శుభ్రం చెయ్యడానికి పెద్ద మందులేం అక్కర్లేదు. ముందు డీగ్రీజర్‌తో జిడ్డు వదిలించి, తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి మునిగేట్టు పెట్టి, పొద్దున్నే ఇత్తడి బ్రష్‌తో రుద్ది, బేకింగ్ సోడా నీళ్లలో కడిగి, వెంటనే మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో (అడక్కుండా తీసుకున్నాను, దాని మీద ఒక పంచాయితీ జరిగింది) ఆరబెట్టి నూనె రాశాను. ఆ "వెంటనే" అన్నది ముఖ్యం, తడి ఆరేలోపే కొత్త తుప్పు ఎర్రగా పాకేస్తుంది. వెనిగర్ పులుపు కూడా మన చింతపండుతో ఇత్తడి చెంబులు తోమినట్టే పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువసేపు ఉంచితే తుప్పుతో పాటు ఉక్కునీ తింటుంది. ఇంకో ప్లయర్‌ని మర్చిపోయి మూడు రోజులు ఉంచాను, బూడిద రంగులోకి తిరిగి అక్షరాలు సగం చెరిగిపోయాయి. నికెల్ పూత ఉన్నవాటిని అసలు ముంచకండి, పూత పొరలు పొరలుగా లేస్తుంది.

ఇక పనితనం. ఈ ఆరు నెలల్లో షవర్ తల మార్చాను, నీళ్ల గొట్టం బిగింపులు, వాషింగ్ మెషీన్ పైపు, తుప్పు పట్టిన గేటు బోల్టు, అన్నిటికీ ఇదే. ఒక్కసారి కూడా జారలేదు. తిప్పే దిశ మాత్రం గుర్తుపెట్టుకోవాలి, ఒక వైపు లాగితే పళ్లు ఇంకా లోతుగా కరుచుకుంటాయి, ప్లయర్‌ని తిరగేసి పట్టుకుని లాగితే వదిలేస్తాయి. క్రోమ్ కుళాయిల మీద గుడ్డ చుట్టకుండా వాడారో, జీవితాంతం ఉండే పంటిగాట్లు పడతాయి. తొమ్మిదిన్నర అంగుళాల పొడవు, దవడ తెరుచుకునేది ఒకటిన్నర అంగుళం, అందుకే వంటింటి సింకు కింద ఉండే ట్రాప్ (వంపు పైపు) నట్టుకి ఇది చాలదు. దానికి పన్నెండు అంగుళాల 440 ఉండాలి, అది తెలియక సింకు కింద పడుకుని పావుగంట కుస్తీ పట్టాను. కరెంటు పనికి కూడా వద్దు, ఒట్టి ఇనప పిడి కదా.

మరి కొత్తగా వచ్చే జర్మన్ క్నిపెక్స్ కోబ్రాతో పోలిస్తే ఎలా ఉంటుందని ఆఫీసులో ఒకాయన అడిగాడు. ఆయన దగ్గర ఉంది, తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాం. బటన్ నొక్కి సైజు మార్చడం, ఇరవైకి పైగా స్థానాలు, గుండ్రటి పైపుని తనంతట తానే కరుచుకోవడం, వీటిల్లో కోబ్రాదే పైచేయి, నిజం ఒప్పుకోవాలి. ఒకే ఒక్క ప్లయర్ కొనేవాళ్లు, పని తప్ప ఈ పాత కథలు అక్కర్లేని వాళ్లు అదే కొనుక్కోండి. కానీ దాని ధరకి నాలాంటి పాతవి మూడు నాలుగు వస్తాయి.

ఒకటి కొన్నాక ఆగుతుందా! బెర్నార్డ్ ప్లయర్ ఒకటి వచ్చి చేరింది, న్యూ హేవెన్‌లో షోల్‌హార్న్ కంపెనీ చేసింది, 1890 నాటి పేటెంటు. దవడలు పూర్తి సమాంతరంగా మూసుకుంటాయి, తీగని మధ్యలోంచి వెనక్కి పోనివ్వచ్చు. చేతిలో పట్టుకుని ఊరికే తెరిచి మూస్తూ ఉంటాను, పనికి మాత్రం ఏడాదికి ఒకసారి. నెబ్రాస్కాలో డి విట్ అనే పల్లెలో చేసిన పాత వైస్ గ్రిప్ (పట్టుకున్నాక లాక్ అయిపోయే ప్లయర్) కూడా ఉంది. 2008లో అక్కడి ఫ్యాక్టరీ మూసేశారు కాబట్టి ఆ ఊరి పేరున్న వాటికి గిరాకీ పెరిగింది, నేను ఆలస్యంగా మేల్కొని కాస్త ఎక్కువే పెట్టాను. ఇక షెల్ఫులో పెట్టి చూసుకోవడానికి మాత్రం కొనకూడదని ఒట్టు పెట్టుకున్నాను, బెర్నార్డ్‌ని లెక్కలోకి తీసుకోకండి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల పని చేశారు. వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు గరాజ్‌లో నా సామాన్లన్నీ చూసి "ఏరా, పాతసామాన్లోడివి అయిపోయావా" అన్నారు. తర్వాత 420 తీసుకుని గాడులు ఒక్కొక్కటి వేలితో తడిమి, బోల్టు దగ్గర ఊపి చూసి, "ఇది ఉంచుకో, మిగతావి నీ ఇష్టం" అన్నారు. నేను ముచ్చటపడి కొన్న బెర్నార్డ్‌ని కనీసం రెండోసారి చూడలేదు.

నా లెక్కలో పాత 420కి అయిదుకి నాలుగున్నర. ఆ సగం చలికాలంలో చేతికి తగిలే ఇనప పిడికి కోశాను. పన్నెండు డాలర్ల లోపు గాడులు బాగున్నది దొరికితే ఆలోచించొద్దు, పాతిక అడిగితే కొత్తదే కొనుక్కోండి. ఇండియాకి పట్టుకెళ్లేవాళ్లు చెక్‌ఇన్ పెట్టెలో పెట్టండి, ఏడంగుళాలు దాటిన పనిముట్లని ఇక్కడి విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు. నాన్న వెళ్లేటప్పుడు చీరల మధ్య పెట్టి పంపిన ప్లయర్ అలా క్షేమంగా చేరింది. ఇప్పుడు 440 కావాలంటున్నారు, ఈ ఆదివారం వెళ్లి చూడాలి.