గుంటూరులో అమ్మకి చిగుళ్ల ట్రీట్‌మెంట్: ముందూ కొలిచారు, తర్వాతా కొలిచారు (4/5)

మా అమ్మకి పదేళ్లుగా షుగర్, తోముకుంటే రక్తం, కింది పళ్లు కొంచెం కదులుతున్నాయి. పోయినేడాది ఒకచోట క్లీనింగ్ చేయించాం, అయ్యాక "చాలా తగ్గిందమ్మా" అన్నారు, ఎంత తగ్గిందండీ అంటే ముందు కొలిస్తే కదా చెప్పడానికి, ఆర్నెల్లకి మళ్లీ మొదటికొచ్చింది.

ఈసారి చిగుళ్ల స్పెషలిస్ట్ దగ్గరికి తీసుకెళ్లా. మొదటిరోజు కొలవడమే సరిపోయింది. మిల్లీమీటర్ గీతలున్న సన్నటి ప్రోబ్‌తో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల, పంటికీ చిగురుకీ మధ్య సందు (పాకెట్) ఎంత లోతుందో చూస్తూ మేడమ్ "మూడు, రెండు, ఆరు, రక్తం" అని పైకి చెప్తుంటే అసిస్టెంట్ అమ్మాయి టైప్ చేస్తూ పోయింది, అరగంట పట్టింది, నోరు తెరిచి తెరిచి అమ్మకి దవడ లాగేసింది. కుడివైపు కింది దవడ పన్ను వెనక 7 వచ్చింది. తర్వాత రెండు సిట్టింగుల్లో లోపల దాకా క్లీనింగ్.

మూడు నెలలకి అదే మేడమ్, అదే ప్రోబ్, 7 కాస్తా 4 అయింది, రక్తం లేదు. నేను ఎగిరి గంతేశా గానీ ఆవిడే ఆపి, అందులో 1 చిగురు కిందికి జారడం వల్ల వచ్చిన తేడా, పంటికి పట్టు పెరిగింది 2 మిల్లీమీటర్లేనమ్మా అన్నారు. ఇంత నిజాయితీగా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు!

నేను క్లినికల్ ట్రయల్స్ డేటా పనిలో ఉన్నా, అందుకే ఇది నాకు అంత నచ్చింది. చిగుళ్ల జబ్బు ట్రయల్స్‌లో ఒకరు పాకెట్ లోతు రాస్తారు, ఇంకొకరు రక్తం వచ్చే చోట్ల శాతం, మరొకరు పట్టు ఎంత పెరిగిందో, అదీ ఒకళ్లు 3 నెలలకి ఒకళ్లు ఏడాదికి, ఇక అన్నీ కలిపి ఏ ట్రీట్‌మెంట్ మేలో తేలుద్దామంటే ఎక్కడ కుదురుతుంది? సగటు ఒక్కటే ఇస్తే మరీ కష్టం, 28 పళ్లకి ఆరేసి అంటే 168 కొలతలు, బాగున్న చోట్ల మధ్య నాలుగు 7లు కనపడకుండా పోతాయి. ఇంప్లాంట్ల (ఎముకలో బిగించే పళ్లు) ట్రయల్స్‌కైతే 2023లో నిపుణులు పేషెంట్లని కూడా కూర్చోబెట్టుకుని ఇవి తప్పకుండా కొలవాలి అని ఒక లిస్ట్ ఒప్పుకున్నారు. చిగుళ్లకి 2020 యూరప్ గైడ్‌లైన్‌లో టార్గెట్ ఉంది, 4 దాటి రక్తం వచ్చే పాకెట్లు గానీ, 6 ఆపైన లోతువి గానీ మిగలకూడదని. మేడమ్ దాన్ని పట్టుకునే, ఇంకా 5 ఉండి రక్తం వస్తున్న రెండు చోట్ల మాత్రం మళ్లీ చేశారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, నమలడం ఎలా ఉందని వాళ్ల ఫారంలో ఎక్కడా అడగలేదు. అమ్మ ఏడాదిగా ఎడమవైపే తినేది, ఇప్పుడు కుడివైపు చెగోడీలు కూడా కొరుకుతోంది, అదీ రాసుకోండి మేడమ్ అన్నా, చార్ట్ కింద పెన్నుతో రాశారు. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి. చార్ట్ ప్రింట్ అడిగితే ఇస్తారు.