సాయంత్రం బ్యాచ్ స్పోకెన్ ఇంగ్లీష్: 4,000 ఫీజుకి గిట్టిందా?

మా వీధి చివర మేడ మీది స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి 45 రోజులు వెళ్లాను. పగలంతా మెడికల్ షాపు కౌంటర్‌లో ఉంటాను కాబట్టి సాయంత్రం బ్యాచ్.

మొదటి రెండు వారాలు దండగ. టెన్సుల పట్టిక బోర్డు మీద రాయడం, మేం దించుకోవడం. ఏసీ ఉందన్నారు, ఆన్ చేయగా చూడలేదు.

మూడో వారం కొత్త మేడమ్ వచ్చారు. నా పెన్ను తీసుకుని "రాయడానికి పెన్ను, ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నారు. "ఎ పెన్ టు రైట్" అన్నాను.

"దేంతో రాస్తావు? ఎ పెన్ టు రైట్ విత్."

కుర్చీ అయితే "టు సిట్ ఆన్", ఇల్లయితే "టు లివ్ ఇన్". మన "డానికి"లో ఇవన్నీ కలిసిపోతాయి. వాళ్లకి చివర ఓ తోక మిగలాలి. "టైమ్ టు ఈట్"కి మళ్లీ తోక అక్కర్లేదు!

ఇంకో తిరకాసు. "వెళ్లే అవకాశం" అంటే "చాన్స్ టు గో". "తినే అలవాటు" మాత్రం "హ్యాబిట్ ఆఫ్ ఈటింగ్". తెలుగులో రెండూ ఒకేలా ఉంటాయి, దెబ్బ తినేది అక్కడే. రూల్ అడిగితే, "నౌన్‌తో కలిపి నోటికి పట్టించుకో, అంతే" అన్నారు. ఆ నిజాయితీ నచ్చింది.

నిన్న షాపులో ఒకాయన "ఎనీథింగ్ టు టేక్ ఫర్ ఎ డ్రై కాఫ్?" అంటే తడుముకోకుండా సిరప్ తీశాను.

చేరితే ఆ మేడమ్ బ్యాచ్ ఏదో కనుక్కుని చేరండి. బండి పెట్టడానికి మాత్రం చోటు లేదు. నో ప్లేస్ టు పార్క్.