యాంపూ మంచిదే, స్పీకర్లూ మంచివే: ఏడేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను, నా కోపం యాంప్ (పాటని పెంచి స్పీకర్లకి పంపే యాంప్లిఫయర్) మీద కాదు. స్పీకర్ల మీద కూడా పూర్తిగా కాదు. స్పీకరు వెనకాల వైర్లు బిగించే చోట, చీమ తలకాయంత అక్షరాలతో అచ్చేసిన '8 ఓమ్స్ కంపాటిబుల్' అన్న ఒక్క ముక్క మీద. ఓమ్స్ అంటే స్పీకరు కరెంటుకి ఎంత అడ్డుపడుతుందన్న లెక్క. ఆ ముక్క నాలుగేళ్లు నన్ను ఆడించింది.

రెంటి పేర్లూ రాయను. యాంప్ చానెల్‌కి 60 వాట్లది, మామూలు క్లాస్ ఏబీ రకం. స్పీకర్లు నడుం ఎత్తు టవర్లు, ఒక్కోదాంట్లో రెండేసి వూఫర్లు (మంద్రమైన శబ్దాలిచ్చేవి). మిగతావి ఏ షాపులో అడిగినా చెబుతారు. 2018 దసరాకి రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొన్నాను. అక్కడ ముప్పావుగంట కూర్చుని విన్నాను, అదిరిపోయింది. షాపులో ఏసీ ఉంది, యాంప్ బల్ల మీద గాలి తగిలేలా ఉంది, వినిపించింది ఒక గిటారూ ఒక ఆడగొంతూ. ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

మొదటి రెండు మూడేళ్లు ఇంటికొచ్చిన వాళ్లందరి దగ్గరా దీని గొప్పలు చెప్పుకున్నాను. మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ వైపు) మీద అరచెయ్యి పడ్డ చప్పుడు కడుపులో తగులుతుందని చెప్పి, కూర్చోబెట్టి మరీ వినిపించాను. మా బావమరిది నా మాట మీద అదే యాంప్ కొనుక్కున్నాడు. నేను చెప్పింది అబద్ధమేం కాదు. రాత్రి తొమ్మిది దాటాక, అపార్ట్‌మెంట్‌లో, పక్కింటివాళ్లకి వినబడకుండా పెట్టుకుంటే ఇప్పటికీ అదే మాట చెబుతాను. అంతకు మించి పెంచాల్సిన పని అప్పట్లో పడలేదు, అంతే.

2022 మే నెలలో నాన్న వచ్చారు. ఆయనకి చెవులు కాస్త మందం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాత కచేరీ రికార్డింగు ఒకటి పెట్టాను. 'కాస్త పెంచరా' అన్నారు. పెంచాను. 'ఇంకాస్త' అన్నారు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, మొదలైంది. మృదంగమూ ఘటమూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ ముక్తాయింపు దాకా వచ్చాయి. నాన్న తొడ మీద తాళం వేస్తూ సమం కోసం చెయ్యి పైకెత్తారు.

టిక్.

నిశ్శబ్దం. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. 'కరెంటు పోయిందా?' అన్నారు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

యాంప్ ముందున్న చిన్న లైటు ఆరెంజి రంగులో ఆరుతూ వెలుగుతోంది. ప్రొటెక్షన్ అంటారు దాన్ని. బాగా వేడెక్కితే లోపల రిలే అనే స్విచ్చి స్పీకర్లని విడగొట్టేస్తుంది, చల్లబడ్డాక కలుపుతుంది. ఐదు నిమిషాలకి కలిపింది. మళ్లీ మొదట్నుంచి పెట్టాను. మళ్లీ దాదాపు అక్కడికే వచ్చి ఆగింది. మూడోసారి కూడా ఆగాక నాన్న లేచి, 'నీ పెట్టెకి కూడా మధ్యాహ్నం కునుకు అలవాటేమోరా' అని వెళ్లి పడుకున్నారు.

ఆ తర్వాత నేను చేసిన ఖర్చు గురించి మా ఆవిడ ముందు ఇప్పటికీ ఎత్తను. ఎండాకాలం వోల్టేజి సరిగా ఉండదు కదా అని స్టెబిలైజర్ కొన్నాను. వైర్లు సన్నగా ఉన్నాయేమోనని 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశాను. దాని వల్ల నష్టమేం లేదు గానీ రోగం అది కాదు. యాంప్ ఉన్న టీవీ షోకేసుకి గాలాడేలా వెనక చెక్క కోయించాను. అదొక్కటీ కాస్త పనిచేసింది, టిక్ ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేది. ఆఖరికి యాంప్‌ని సర్వీసుకిచ్చాను. బల్ల మీద స్పీకరు బదులు 8 ఓమ్స్ రెసిస్టర్ తగిలించి నాలుగు గంటలు నడిపారట, ఒక్కసారి కూడా ఆగలేదట. 'ఏ లోపమూ లేదు' అని చీటీ రాసి, బిల్లుతో సహా తిరిగిచ్చారు.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఒక ముసలాయన యాంప్‌లు బాగు చేస్తాడని ఎవరో చెబితే మోసుకెళ్లాను. ఆయన మూత కూడా విప్పలేదు.

'స్పీకర్ ఎన్ని ఓమ్స్ సార్?'

'ఎనిమిది.'

'మీటర్ పెట్టి చూసిన్రా?'

చూడలేదు. మల్టీమీటర్ మా ఇంట్లోనే ఉంది, స్క్రూడ్రైవర్ల డబ్బాలో, పెళ్లికి ముందు నుంచీ. ఆ రాత్రి వైర్లు విప్పి పెట్టి చూస్తే 3.2 చూపించింది. రెండోదానికీ అంతే.

మీటరు చూపేది డీసీ లెక్క, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటుకి ఉన్న అడ్డు. పాట మోగేటప్పుడు ఉండే అసలు అడ్డు, అంటే ఇంపీడెన్స్, శబ్దం మంద్రమా తారమా అన్నదాన్ని బట్టి గుట్టలూ గోతులుగా ఎక్కి దిగుతుంటుంది. కానీ గొయ్యి అడుగు సాధారణంగా ఈ డీసీ అంకెకి కాస్త పైనే ఉంటుంది. నిజంగా 8 ఓమ్స్ స్పీకరైతే మీటరు ఐదున్నర, ఆరు చూపించాలి. 8 అని రాయాలంటే ఎక్కడా 6.4 కిందికి దిగకూడదని ఐఈసీ (విద్యుత్ పరికరాలకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణం కూడా ఉంది. నావాటిలో రెండు వూఫర్లు సమాంతరంగా కలిపి ఉన్నాయి కాబట్టి సగానికి, అంటే దాదాపు 4 ఓమ్స్‌కి పడిపోయింది. ఇలాంటి వాటిలో ఆ గొయ్యి తరచుగా వంద, రెండొందల హెర్ట్జ్ మధ్య, అంటే మంద్రంలో ఉంటుంది. తొప్పి, డోలు బలంగా మోగేది కూడా ఆ చుట్టుపక్కలే. షాపులో గిటారూ ఆడగొంతూ ఎందుకు పెట్టారో అని అనుమానించడం లేదు, కానీ అనుమానించాలని ఉంది.

యాంప్ బాధ ఏమిటంటే, 20 వోల్టులు ఇస్తే 8 ఓమ్స్ స్పీకరు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే వోల్టేజికి మూడున్నర ఓమ్స్ గొయ్యి ఐదున్నరకి పైగా లాగుతుంది. ఇక వాల్యూం సంగతి. మా హాల్లో మామూలుగా వినడానికి సగటున పావు వాట్ చాలు. మృదంగం దెబ్బ ఆ సగటు కంటే 20 డెసిబెల్స్ (శబ్దం కొలత) పైకి లేస్తే వంద రెట్లు, అంటే 25 వాట్లు. నాన్న 'ఇంకాస్త, ఇంకాస్త' అని 10 డెసిబెల్స్ పెంచమంటే అవి 250 అవుతాయి. 60 వాట్ల పెట్టె, మే నెల, మూసిన షోకేసు. అది కాలిపోకుండా కునుకు తీసినందుకు సంతోషించాలి. ఆ ముసలాయన కూడా అదే అన్నాడు: 'పాపం దీనికేం కాలే సార్, మీ స్పీకరే తింటున్నది.'

ఇంకో అంకె మీద కూడా కాస్త గుర్రుగా ఉంది. ఈ టవర్లకి సెన్సిటివిటీ, అంటే ఇచ్చినదానికి ఎంత శబ్దం చేస్తాయన్నది, 89 డెసిబెల్స్ అని రాశారు. కొలిచింది 2.83 వోల్టుల దగ్గర. 8 ఓమ్స్‌లో అది సరిగ్గా ఒక వాట్, 4 ఓమ్స్‌లో రెండు వాట్లు. అంటే ఒక వాట్ లెక్కన నావి 86. మా ఊళ్లో పెళ్లిళ్లకి మైక్‌సెట్ కట్టే ఆయన పాత చిన్న యాంప్‌తో ఊరంతా మోగించేవాడు. హారన్‌ది అంత సెన్సిటివిటీ. యాంప్ వాట్లు ఎన్నని ఆయన్ని ఎవరూ అడగలేదు.

2023 మొదట్లో టవర్లు పడగ్గదిలోకి పోయాయి. వాటి స్థానంలో ఒక్కోదాంట్లో ఒకే వూఫర్ ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్‌లు కొన్నాను. కొనేముందు షాపులో జేబులోంచి మీటరు తీశాను. కుర్రాడు నన్ను చూసి నవ్వాడు, ఫరవాలేదు. 5.9 చూపించింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా టిక్ వినలేదు. నేను అనుకోనిది ఇంకోటి ఉంది. తక్కువ వాల్యూంలో కూడా గొంతు ముందుకొచ్చింది, వయొలిన్ గీరుడు తగ్గింది. అది యాంప్ తేలికపడటం వల్లనా, కొత్త స్పీకరులో తారస్థాయి శబ్దాలిచ్చే ట్వీటర్ వల్లనా అని నన్నడగొద్దు. రెండూ ఒకేసారి మారాయి.

కానీ తొప్పి పోయింది. వినబడుతుంది, కడుపులో తగలదు. అయిదంగుళాల వూఫర్ నుంచి అంతకంటే ఆశించకూడదని తెలుసు, అయినా ఆ టవర్లు గుర్తొస్తాయి. వాటికి సరైన జోడీ ఇచ్చి ఉంటే బాగుండేదేమో. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 అనే యాంప్ మీద రాసింది చానెల్‌కి 20 వాట్లే, అయినా మొండి స్పీకర్లని మోసేదని పేరు. అంటే చూడాల్సింది వాట్లు కాదు, 4 ఓమ్స్ దగ్గర వాట్లు ఎంత పెరుగుతాయన్నది. నా యాంప్ కాగితాల్లో 4 ఓమ్స్ అంకె అసలు లేదు. లేకపోవడమే సమాధానమని అప్పుడు తట్టలేదు.

కాబట్టి ఈ యాంప్ కొనొచ్చా అంటే, మాది పన్నెండు బై పద్నాలుగు హాలు, నావి యాభై దాటిన చెవులు, ఇంట్లో మోగేవి ఎక్కువగా కచేరీలు. వీటికి ఈ చిన్న స్పీకర్లతో నాకు సరిపోయింది. పెద్ద హాలున్న వాళ్లకీ, గట్టిగా వినేవాళ్లకీ నేను చెప్పలేను. నాన్న వచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ షోకేసు తలుపులు తీసే ఉంచుతాను.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. 'బావా, నువ్వు చెప్పినట్టే యాంప్ బ్రహ్మాండంగా ఉంది, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు' అన్నాడు. పడగ్గదిలో ఖాళీగా పడున్న ఆ టవర్లు ఎంతకిస్తావని అడిగాడు. అతనిదీ ఇదే యాంప్. చూద్దాంలే అన్నాను.