ఆన్‌లైన్ నర్స్ ప్రాక్టిషనర్ కోర్సుకు డబ్బు కడుతున్నారా? రాష్ట్రం మారితే ఏమవుతుందో ముందే అడగండి

అమెరికాలో నర్సుగా పనిచేస్తూ ఆన్‌లైన్‌లో పై చదువు చదవాలనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. భర్త ఉద్యోగం ఎప్పుడు ఏ రాష్ట్రానికి మారుతుందో తెలియని ఇళ్లల్లో ఉన్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సింగ్ లైసెన్స్ పరీక్ష) పాసై డాలస్‌లో ఆరేళ్లు ఆర్ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా పనిచేశాను. 2024 ఆగస్టులో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టిషనర్ (రోగులను పరీక్షించి మందులు రాయగల నర్సు) మాస్టర్స్‌కి వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీలో చేరాను. థియరీ అంతా ఆన్‌లైన్, క్లినికల్స్ (రోగుల దగ్గర చేసే శిక్షణ) మాత్రం మనం ఉండే ఊళ్లో. నైట్ డ్యూటీ చేసి వచ్చి, బాబును స్కూల్లో దింపి, నిద్ర ఆపుకుని చదివి 24 క్రెడిట్లు పూర్తి చేశాను. ఇక క్లినికల్స్ మొదలుపెట్టాలి అనుకునేసరికి మా ఆయనకు కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి బదిలీ అయింది. అడ్రస్ మారుతోందని యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. నాలుగో రోజు జవాబు వచ్చింది. కాలిఫోర్నియాలో ఉండే విద్యార్థులను ఈ కోర్సులో కొనసాగించలేరట.

చేరేముందు అడ్మిషన్స్ ఆవిడను ఫోన్‌లో ఇదే అడిగాను. "మేం సారా (SARA) ఒప్పందంలో ఉన్నాం, ఎక్కడికెళ్లినా ఇబ్బంది ఉండదు, టెన్షన్ పడకండి" అంది. నమ్మాను. అది ఫోన్ మాట కాబట్టి ఈరోజు నా చేతిలో రుజువు లేదు.

ఆ సారా సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. వేరే రాష్ట్రం విద్యార్థిని ఆన్‌లైన్‌లో చేర్చుకోవాలంటే, సాధారణంగా ఆ విద్యార్థి ఉండే రాష్ట్రం అనుమతి యూనివర్సిటీకి కావాలి. మనం ఎక్కడ కూర్చుని చదువుతున్నామన్నదే లెక్క. ప్రతి రాష్ట్రం దగ్గరికీ విడివిడిగా వెళ్లే అవసరం లేకుండా రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందమే సారా. అందులో 49 రాష్ట్రాలు ఉన్నాయి. లేనిది ఒక్క కాలిఫోర్నియా. మనవాళ్లలో ఎంతమంది ఉద్యోగాలకి అక్కడికే వెళతారో మీకు తెలుసు.

పోనీ న్యూజెర్సీకో నార్త్ కరోలినాకో వెళితే సరిపోతుందా అంటే, అదీ చెప్పలేం. సారా అనేది కోర్సు నడపడానికి అనుమతి మాత్రమే. లైసెన్స్ ఇచ్చేది ఆ రాష్ట్రం నర్సింగ్ బోర్డు, దాని నియమాలు దానివి. టీచింగ్, కౌన్సెలింగ్ చదివేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోనైతే, బయటి రాష్ట్రాల నర్స్ ప్రాక్టిషనర్ ప్రోగ్రామ్ విద్యార్థి అక్కడ క్లినికల్స్ చేయాలంటే ఆ ప్రోగ్రామ్‌కి అక్కడి బోర్డ్ ఆఫ్ రిజిస్టర్డ్ నర్సింగ్ ముందే ఆమోదం ఇచ్చి ఉండాలి. మా యూనివర్సిటీ ఆ ఆమోదానికి దరఖాస్తే పెట్టలేదు. అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఉందని చూసుకుని నేను ధైర్యంగా ఉన్నాను. అక్రెడిటేషన్ వేరు, ఈ అనుమతులు వేరు.

నన్ను బాగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఫెడరల్ ఎయిడ్ (విద్యార్థుల చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) తీసుకునే యూనివర్సిటీలకు 2024 జూలై 1 నుంచి ఒక నియమం వచ్చింది. విద్యార్థి చేరేనాటికి ఏ రాష్ట్రంలో ఉంటే, లైసెన్స్ కోసం ఆ రాష్ట్రం అడిగే చదువుకి కోర్సు సరిపోవాలి. చేరేనాటికి అన్న మాట గమనించండి. నేను చేరినప్పుడు టెక్సస్‌లో ఉన్నాను, టెక్సస్‌కి కోర్సు సరిపోయింది. కాగితం మీద వాళ్ల తప్పేమీ లేదు. ఆ తర్వాత మనం ఎక్కడికి మారినా ఆ నష్టం మనదే. ఒకవేళ చేరేటప్పుడు "నేను వేరే రాష్ట్రంలో పనిచేస్తాను" అని రాసి సంతకం పెట్టమంటే అక్కడే ఆగండి. మీరున్న రాష్ట్రంలో లైసెన్స్‌కి ఆ కోర్సు సరిపోదన్నమాట.

కాబట్టి డిపాజిట్ కట్టకముందే మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు. మీరున్న రాష్ట్రం పేరు, రేపు వెళ్లే అవకాశం ఉన్న రెండు మూడు రాష్ట్రాల పేర్లు రాసి, ఒక్కోదానికి మూడు సంగతులు చెప్పమనండి: అక్కడుంటే చదువు కొనసాగించవచ్చా, అక్కడ క్లినికల్స్‌కి బోర్డు ఆమోదం ఉందా, డిగ్రీ అయ్యాక అక్కడ లైసెన్స్‌కి అది సరిపోతుందా. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ప్రొఫెషనల్ లైసెన్షర్ డిస్‌క్లోజర్ అనే పేజీ ఉంటుంది, అందులో రాష్ట్రాలవారీగా జాబితా ఉంటుంది. చూసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఆ తర్వాత ఆ రాష్ట్రం బోర్డుకి మీరే మెయిల్ పెట్టండి. బోర్డు చెప్పిందే ఆఖరి మాట.

నా 24 క్రెడిట్ల కోసం కాలిఫోర్నియాలో రెండు యూనివర్సిటీలను అడిగాను. ఒకరు 9 తీసుకుంటామన్నారు, రెండోవాళ్లు ఇంకా చెప్పలేదు. మొదటి చోటే చేరాల్సి వస్తే మిగతా 15కి కట్టిన డబ్బు, ఆ రాత్రులు తిరిగి రావు.

ఫిర్యాదు కూడా మొదలుపెట్టాను. సారా కింద చేయాలంటే ముందు యూనివర్సిటీలోనే ఫిర్యాదు ఇవ్వాలి. వాళ్ల జవాబుతో తృప్తి లేకపోతే ఆ యూనివర్సిటీ సొంత రాష్ట్రంలో సారా వ్యవహారాలు చూసే సంస్థకు వెళ్లాలి. జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి, మార్కుల గొడవలు మాత్రం వాళ్లు తీసుకోరు. నేను మొదటి మెట్టు మీద ఉన్నాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.