భూమి మధ్యలోనా, సూర్యుడు మధ్యలోనా: ఏది మేలు?

మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కగానే మా బావ మొదలుపెట్టాడు. "ప్లాట్‌ఫామే వెనక్కి పోతోందన్నా తప్పు కాదు కదరా, అలాగే సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతున్నాడన్నా తప్పు కాదు, ఐన్‌స్టీన్ చెప్పాడు."

సగం కరెక్టే. 499లో ఆర్యభటుడు చెప్పింది ఇదే: పడవలో ముందుకెళ్లేవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, చుక్కలు పడమటికి పోయేదీ అలాగే. (ఆయన చెప్పింది భూమి తన చుట్టూ తాను తిరగడం గురించి. వాట్సాప్‌లో దీన్నే సూర్యుడి చుట్టూ తిరగడంగా మార్చేశారు.) రోజువారీ పనులకైతే భూమిని కదలకుండా పెట్టుకోవడమే మేలు. సూర్యోదయం ఎన్నింటికి, డిష్ ఎటు తిప్పాలి, మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకు నీడ ఎందుకుండదు, వీటన్నిటికీ ఆ లెక్క చాలు.

కానీ బావా, బ్రేక్ వేసినప్పుడు తూలేది మనమా, ప్లాట్‌ఫామ్ మీదున్నవాళ్లా?

అసలు తేడా అక్కడే ఉంది. వేగం ఎవరి చూపును బట్టి వారిది, కుదుపు మాత్రం ఒకరికే తగులుతుంది. 1851లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో పారిస్‌లో పొడవాటి లోలకం వేలాడదీసి, అది ఊగే దిశ మెల్లగా తిరగడం చూపించాడు, కింద భూమి తిరుగుతోందనడానికి అదే గుర్తు. హైదరాబాద్‌లో వేలాడదీస్తే ఒక చుట్టుకు దాదాపు 80 గంటలు పడుతుంది. ఇక భూమి అస్సలు తిరగదని పట్టుబడితే, 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నెప్ట్యూన్ మన చుట్టూ రోజుకో చుట్టు కొట్టాలి, అంటే కాంతి కన్నా వేగంగా! ఐన్‌స్టీన్ సమీకరణాలు ఆ లెక్కను కూడా రాసుకోనిస్తాయి, నిజమే, కాకపోతే ఎందుకు అలా తిరుగుతోందని అడిగితే చేతులెత్తేయాలి.

పదహారో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే మధ్యే మార్గం పట్టాడు: గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ. గెలీలియో చూసిన శుక్రుడి కళలు (చంద్రుడిలా పెరగడం, తరగడం) కూడా దాన్ని కొట్టేయలేకపోయాయి. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ ఒక నక్షత్రం ఏడాదికోసారి అటూ ఇటూ జరిగినట్టు కనబడడం కొలిచాడు. భూమి కదలదంటే, ఒకదానికొకటి సంబంధం లేని నక్షత్రాలన్నీ సరిగ్గా మన ఏడాదికే ఎందుకు ఊగుతున్నాయో చెప్పాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందంటే ఆ ఒక్క ముక్కతో అయిపోతుంది.

అలాగని సూర్యుడు కూడా కదలకుండా కూర్చోలేదు. భూమికి 3,33,000 రెట్లు బరువున్నా, గురుడి లాగుడుకి కొంచెం ఊగుతుంటాడు, మొత్తం సౌరకుటుంబం ద్రవ్యరాశి కేంద్రం (అన్నిటి బరువూ సరితూగే చోటు) ఒక్కోసారి ఆయన ఉపరితలం బయటే పడుతుంది. గ్రహాల లెక్కలు ఖచ్చితంగా వేసేవాళ్లు ఆ కేంద్రాన్నే పట్టుకుంటారు, నా ఓటూ దానికే.

హైటెక్ సిటీలో దిగేటప్పుడు ఇదంతా చెప్తే "అయితే సూర్యుడూ ఓడిపోయాడన్నమాట" అని చాయ్ డబ్బులు నా చేతే కట్టించాడు.